రోగం లేనివాడి కషాయం

మినీబస్సు కషాయం కొట్టు ముందు ఆగింది. ఇంజను ఆపకుండానే డ్రైవరు దిగి వచ్చి, "ఐసు కోలా ఉందా?" అని అడిగాడు.

బల్ల వెనక నిలబడ్డ అమ్మాయి పుయ్‌లాన్ అతన్ని చూసింది. ఆమె పక్కన మనిషెత్తు ఇత్తడి కాగు ఉంది. బల్ల మీద కషాయం గిన్నెలు, వాటి మీద గాజు మూతలు ఉన్నాయి. తలపైన బోర్డు మీద ఒక్కో అక్షరం కుర్చీ అంత ఉంది.

"మీకు చదవడం రాదా?" అంది.

"వచ్చు. కానీ దాహం వేస్తోంది."

"దాహం వేస్తే నీళ్ళు తాగాలి. పొద్దున్నుంచి ఎన్ని కోలాలు తాగారు?"

"రెండు."

"నీళ్ళు?"

అతను ఆలోచించాడు. "నిన్న తాగాను."

"నిన్నా!"

"నీళ్ళు తాగితే మధ్యలో దిగాల్సి వస్తుంది. దిగితే వీళ్ళు నన్ను బతకనివ్వరు," అని వెనక్కి చెయ్యి చూపించాడు.

బస్సులోంచి ఒకావిడ అరిచింది. "డ్రైవరూ! ఫ్యాక్టరీ గేటు మూసేస్తారయ్యా!"

పుయ్‌లాన్ చేదు కషాయం గిన్నె మూత తీసి అతని ముందుకు తోసింది. అతను ఒక్క గుక్కలో తాగి, కళ్ళు మూసుకుని బల్ల అంచు పట్టుకున్నాడు. కిటికీల్లో ఉన్న తలలన్నీ నవ్వాయి.

"ఇందులో ఏం వేశారు?"

"ఇరవై నాలుగు రకాల ఆకులూ వేళ్ళూ."

"అన్నిట్లో తియ్యగా ఉండేది ఒక్కటి కూడా దొరకలేదా?"

ఆమె ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన పండు ఒకటి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని బుగ్గన పెట్టుకుని పరుగెత్తాడు.

అది డెబ్భై నాలుగో సంవత్సరం వేసవి. హాంగ్‌కాంగ్‌లో షామ్‌షుయ్‌పో పేట. ఇప్పుడు ఆ చోట ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. పుయ్‌లాన్ అటు వెళ్ళినప్పుడల్లా ఆ మూల మీద కాసేపు నిలబడుతుంది. కషాయం వాసన రాదు. అయినా నిలబడుతుంది.

ఆ రోజుల్లో ఆ పేటలో ఎవరికి ఏ నలత వచ్చినా ముందు వేడి చేసిందనే అనుకునేవాళ్ళు. వేయించినవి తిన్నా, నిద్ర చాలకపోయినా, పక్కింటివాళ్ళతో పోట్లాడినా వేడి చేసేది. వేడి చేస్తే కషాయం కొట్టు. పుయ్‌లాన్ తండ్రి ఓడల్లో వంటవాడు, ఇంటికి రావడం తక్కువ. తల్లి పోయి చాలా కాలమైంది. కొట్టునూ మనవరాలినీ నాయనమ్మే చూసుకునేది. పేట మొత్తానికీ ఆవిడ సామ్ మామ్మ.

మర్నాడు అదే వేళకు బస్సు ఆగింది.

"గొంతు నొప్పి," అన్నాడు డ్రైవరు, వీధి చివరకు వినపడేలా.

ఆ తర్వాత రోజు కళ్ళు మంట. ఆపైన మొటిమ. ఒక రోజు ఏమీ తోచక మోకాలు అన్నాడు.

"మోకాలికి వేడి చెయ్యదండీ."

"మా వంశంలో చేస్తుంది."

"డ్రైవరూ!" అని బస్సులోంచి కేక. ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీలో పనిచేసే క్వాయ్ అత్త గొంతు అది. "కషాయానికి వచ్చావా, పెళ్ళిచూపులకు వచ్చావా?"

అతని పేరు కామ్‌షింగ్ అని పుయ్‌లాన్‌కు ఆ కేకల వల్లే తెలిసింది. గిన్నె ఖాళీ అయ్యేలోపు రోజుకో ప్రశ్న వేసి, అతని దినచర్య కూడా తెలుసుకుంది. తెల్లవారకముందే లేచి పరగడుపున ఐసు వేసిన పాల టీ. ఒంటికి వస్తే బస్సు ఆఖరి స్టాపు చేరేదాకా బిగబట్టడం. మధ్యాహ్నం స్టీరింగు మీద డబ్బా పెట్టుకుని నాలుగు ముద్దలు మింగడం. ఆఖరి ట్రిప్పు అయ్యాక వేయించిన నూడుల్స్, తలస్నానం, తడి తలతోనే ఫ్యాను కింద నిద్ర.

"మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగిందొకసారి.

"లారీ డ్రైవరు. ఇప్పుడు ఇంట్లోనే. కిడ్నీలో రాళ్ళు. నడుం పట్టేసి కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు."

"ఆయనా నీళ్ళు తాగేవారు కాదా?"

"ఆయనకు వచ్చింది అరవై దాటాక."

"మొదలెట్టింది మీ వయసులోనే కదా."

కామ్‌షింగ్ గిన్నె ఖాళీ చేసి వెళ్ళాడు.

రెండో వారంలో ఆమె, "నాలుక చాపండి," అంది. చిన్నప్పటి నుంచి నాయనమ్మ పక్కన నిలబడి నాలుకలు చూసిన పిల్ల. అతని నాలుక గులాబీ రంగులో ఉంది. పొక్కు లేదు, పసుపు పొర లేదు. ఒంట్లో వేడి అనేదే లేదు.

ఆ మాట చెబితే రేపటి నుంచి బస్సు ఆగదు.

"కొంచెం వేడి ఉంది," అంది పుయ్‌లాన్, ఇంకో గిన్నె మూత తీస్తూ.

ఆగస్టులో తుపాను ఊరి పక్కనుంచి పోయింది. వాన మాత్రం పోలేదు. కామ్‌షింగ్ నెత్తిన పేపరు పట్టుకుని వచ్చాడు. చొక్కా భుజాల దగ్గర వదులై వేలాడుతోంది. గిన్నె అందుకునేటప్పుడు అతని వేళ్ళు ఆమె వేళ్ళకు తగిలాయి. చల్లగా ఉన్నాయి. వానకు అనుకుందామంటే ఆగస్టు వాన అంత చల్లన కాదు.

లోపల వేళ్ళు తరుగుతున్న సామ్ మామ్మ కత్తిపీట పక్కన పెట్టింది.

"ఇటు రా అబ్బాయ్. నాలుక చాపు."

చాపాడు. మామ్మ చూసి, మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"రోజూ ఏం తాగుతున్నావు?"

"మీ కషాయమే మామ్మగారూ. చేదుది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలు! ఆదివారాలు తప్ప!" అని బస్సు కిటికీలోంచి క్వాయ్ అత్త జవాబిచ్చింది.

"పొద్దున కడుపులో నొప్పి వస్తోందా?"

"వస్తోంది."

"అన్నం?"

"సయించడం లేదు."

"విరేచనాలు?"

కామ్‌షింగ్ పుయ్‌లాన్ వైపు చూశాడు. "మామ్మగారూ, అది తర్వాత మాట్లాడుకుందామా?"

"ఇప్పుడే చెప్పు."

"చెప్పు నాయనా, మేం చెవులు మూసుకుంటాం!" అంది క్వాయ్ అత్త.

మామ్మ అతని చెయ్యి వదిలేసింది. "నీకు వేడీ లేదు గాడిదగుడ్డూ లేదు. చలవ చేసి చేసి కడుపు పాడయింది. ఏ రోగమూ లేనివాడివి, రోజూ ఈ చేదు ఎందుకు తాగావు?"

అతను నేల చూశాడు. పుయ్‌లాన్ గిన్నె చూసింది. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"సామ్ మామ్మా," అంది క్వాయ్ అత్త, "ఎందుకో బస్సులో అందరికీ తెలుసు. వెనక సీటులో కూర్చునే చెవిటాయనకు కూడా తెలుసు."

బస్సంతా గొల్లుమంది. కామ్‌షింగ్ చెవులు ఎర్రబడ్డాయి.

మామ్మ నవ్వలేదు. "ఇక ఈ కొట్లో నీకు చుక్క కషాయం పొయ్యం. వెళ్ళు, బండి తియ్యి."

అతను పుయ్‌లాన్ ఏమైనా అంటుందేమోనని నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు. ఆమె జవాబు అదేననుకుని అతను వానలోకి నడిచాడు. ఈసారి నెత్తిన పేపరు పెట్టుకోలేదు.

బస్సు మలుపు తిరిగాక మామ్మ అడిగింది. "వాడి నాలుక నువ్వెప్పుడూ చూడలేదుటే?"

"చూశాను నాయనమ్మా."

"ఎప్పుడు?"

"రెండో వారంలో."

మామ్మ మనవరాలి ముఖం చూసింది. "కాగు తోముదువుగాని, పద," అని మాత్రం అంది.

మర్నాడు బస్సు ఆగకుండా పోయింది. ఆ తర్వాత రోజూ అంతే. కిటికీల్లోంచి జనం తొంగి చూశారు. క్వాయ్ అత్త చెయ్యి ఊపింది. డ్రైవరు ముందుకే చూస్తున్నాడు. పుయ్‌లాన్‌కు ముఖం కనబడలేదు, స్టీరింగు మీద మణికట్టు ఎముక కనబడింది.

ఇలాగే పోతే అతను ఇంకో కొట్లో ఇంకెవరి దగ్గరో ఇంకేదో తాగి పడిపోతాడు. పడిపోకపోయినా, తను తెలిసే పోసిందన్న సంగతి అతనికి ఎప్పటికీ తెలియదు. తను ఇష్టపడలేదనే అనుకుంటాడు. ఆ రెంటిలో ఏది ఎక్కువ బాధ పెడుతోందో ఆమెకే తెలియలేదు.

ఆ శనివారం పుయ్‌లాన్ అల్లం దంచి, ఎర్ర రేగుపళ్ళు గింజ తీసి, బెల్లం వేసి మరగబెట్టింది. ఫ్లాస్కులో పోస్తుంటే మామ్మ వచ్చి నిలబడింది.

"ఎవరికి?"

పుయ్‌లాన్ ఫ్లాస్కు మూత బిగించింది.

"అల్లం ఇంకో ముక్క వెయ్యాల్సింది," అని మామ్మ లోపలికి వెళ్ళిపోయింది.

వాన పడుతోంది. బస్సు వచ్చే వేళకు పుయ్‌లాన్ గొడుగు వేసుకుని రోడ్డు మధ్యకు వెళ్ళి నిలబడింది. ఆపక తప్పింది కాదు. ఎక్కింది. క్వాయ్ అత్త ఎవరూ అడగకుండానే ముందు సీటు ఖాళీ చేసింది.

"ఎక్కడ దిగాలి?" అన్నాడు కామ్‌షింగ్, అద్దంలోంచి రోడ్డు చూస్తూ.

"తెలీదు."

"ఈ బస్సుకు మధ్యలో స్టాపులు లేవు. దిగేవాళ్ళు అరిస్తే ఆపుతాను."

"అయితే అరవను."

వైపరు అటు పోయి ఇటు వచ్చింది. ఆమె ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. "మీకు వేడి లేదని నాకు ముందే తెలుసు. నాలుక చూసిన రోజే తెలిసింది."

బస్సు నెమ్మదించింది. "తెలిసే పోశావా?"

"నువ్వు మాత్రం తెలిసి తాగలేదా?"

కామ్‌షింగ్ మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. వెనక లారీ హారను కొట్టింది.

"లేదని చెబితే మళ్ళీ రావని చెప్పలేదు," అంది పుయ్‌లాన్. "నీ కడుపు అంత పాడవుతుందని ఆలోచించలేదు. నా స్వార్థం నేను చూసుకున్నాను."

"ఏమంటోంది?" అని వెనక నుంచి ఎవరో. "వానలో వినపడ్డం లేదు."

"ఈ అమ్మాయికీ అదే రోగమట!" అని క్వాయ్ అత్త బస్సంతటికీ చెప్పింది.

కామ్‌షింగ్ బస్సు పక్కకు తీసి ఆపాడు. ఫ్లాస్కు చూస్తూ, "ఇదీ చేదేనా?" అన్నాడు.

"తాగి చూడు."

"వీళ్ళకు గేటు మూసేస్తారు."

"మూసెయ్యనీ," అంది క్వాయ్ అత్త. "ఇన్నాళ్ళూ చూసి ఇప్పుడు మధ్యలో పోతామా?"

తాగాడు. తియ్యగా, కారంగా ఉంది. నుదుట చెమట పట్టేదాకా ఎవరూ తొందర పెట్టలేదు.

"మందు ఇదొక్కటే కాదు," అంది పుయ్‌లాన్. "లేవగానే గోరువెచ్చటి నీళ్ళు తాగు. ఐసు మానెయ్. అన్నం బండిలో కాదు, కింద కూర్చుని తిను. తల ఆరాక పడుకో. ఒంటికి వస్తే ఆపుకోకు."

"దారి మధ్యలో వస్తే? బండి ఎవరు చూస్తారు?"

"మేం కూర్చునే ఉంటాంగా," అన్నారు వెనక నుంచి. "వెళ్ళి రా. తాళం జేబులో వేసుకుని మరీ వెళ్ళు."

ఆ ఒప్పందం నిలబడింది. బజారు పక్కన మరుగుదొడ్డి ముందు బస్సు ఆగడం ఆ దారిలో మామూలైపోయింది. చెవిటాయన కూడా అక్కడే దిగి వచ్చేవాడు. పుయ్‌లాన్ పొద్దునే కిటికీలోంచి ఫ్లాస్కు అందించి నిన్నటిది తీసుకునేది. సెప్టెంబరు చివరికి చొక్కా భుజాలకు సరిపోయింది. పొద్దున కడుపునొప్పి పోయింది. కామ్‌షింగ్ తండ్రి కూడా కొడుకును చూసి నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. నడుం మాత్రం బాగుపడలేదు.

అప్పుడు మామ్మ ఫ్లాస్కు కడిగి అటక మీద పెట్టింది.

"ఇక అల్లం చాలు. ఎక్కువైతే ఈసారి నిజంగానే వేడి చేస్తుంది."

పుయ్‌లాన్ బల్ల దగ్గర నిలబడిపోయింది. అతనికి నయమైంది. కషాయం పొయ్యకూడదు, అల్లం పొయ్యకూడదు. ఆరోగ్యంగా ఉన్న మగవాడు కషాయం కొట్టుకు ఏం చెప్పి వస్తాడు? నాయనమ్మ అతన్ని వెళ్ళమంది కానీ, మళ్ళీ రమ్మని అనలేదు. అది అడిగే ధైర్యం మనవరాలికి లేదు. బస్సు వచ్చేది, కొట్టు ముందు నెమ్మదించేది, హారను కొట్టి పోయేది.

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం అతను నడిచి వచ్చాడు. బస్సు లేకుండా రావడం అదే మొదలు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కేకలు వేసి సాయం చెయ్యడానికి వెనక ఎవరూ లేరు.

బల్ల దగ్గర మామ్మ ఉంది. "ఏం కావాలి?"

"ఏం వద్దు మామ్మగారూ."

"ఒంట్లో ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగున్నవాడికి ఈ కొట్లో ఏం పని?"

కామ్‌షింగ్ గొంతు సవరించుకున్నాడు. లోపల పుయ్‌లాన్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మీ మనవరాలి కోసం వచ్చాను," అన్నాడు. "అప్పుడు కూడా అందుకే వచ్చాను. చెప్పడం చేతకాక రోగాలు చెప్పాను. ఇప్పుడు చెప్పడానికి రోగం ఏదీ మిగల్లేదు."

మామ్మ అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. బల్ల మీద గిన్నెల వైపు వెళ్ళలేదు. తెర తీసి వంటింట్లోకి నడిచింది. అక్కడ పొద్దున్నుంచీ సన్నని సెగ మీద తామరదుంప, వేరుశనగలు, పంది ఎముకలు వేసిన సూపు ఉడుకుతోంది. నాయనమ్మా మనవరాలూ తినే చిన్న బల్ల పక్కకు ఇంకో స్టూలు జరిపింది.

"కొట్లోది డబ్బిచ్చేవాళ్ళకు. ఇది ఇంట్లోవాళ్ళకు. రా, కూర్చో."

పుయ్‌లాన్ గిన్నె నింపి అతని ముందు పెట్టింది. అంచుదాకా నింపడంతో కొంచెం బల్ల మీద ఒలికింది. మామ్మ చూడనట్టు అన్నం వడ్డించుకుంది.

కామ్‌షింగ్ అలవాటుగా గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగబోయి, ఆగాడు. "ఇది దేనికి మందు మామ్మగారూ?"

"దేనికీ కాదు. అన్నంలోకి," అంది సామ్ మామ్మ. "నెమ్మదిగా తాగు. బయట నీ కోసం ఎవరూ అరవడం లేదు."