అసలు పేరు, అసలు అడ్రసు

నాచారంలో ఇద్దరు ఆడవాళ్ళను చంపేశారు. ఇంటిపని అని గల్ఫ్‌కు తీసుకుపోయి తమను అమ్మేసిన విదేశీ ముఠా గురించి వాళ్ళు రీసెర్చ్ స్కాలర్లకు చెప్పుకున్నారు. అదే వాళ్ళ నేరం.

"ఆ స్కాలర్లందరిదీ ఒకే ఫెలోషిప్," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ విశ్వనాథం, ఉప్పల్ మెట్రో కింద ఆపిన కార్లో. "జెండర్, గ్లోబలైజేషన్, హ్యూమన్ సెక్యూరిటీ. డైరెక్టర్ తారామణి మన ఇన్ఫార్మరే. అటూ ఇటూ తింటోందని నా అనుమానం. మూడో సాక్షి మానస రేపు కోర్టుకొస్తుంది. ఆమె ఎవరో ముఠాకింకా తెలియదు."

పక్క సీట్లో ఏజెంట్ హరితకు ఒళ్ళు మండింది. స్కాలర్ వేషంలో ఆ ఫెలోషిప్‌లో చేరింది ఆమే. ఏ రీసెర్చ్‌లోనైనా మనుషుల పేర్లు, ఊర్లు మార్చి రాస్తారు. తారామణి మాత్రం, ప్రింట్‌లో మారుద్దాం, నాకు అసలు పేరు, అసలు అడ్రసు పంపండి అనేది. పట్టు చీర, పర్ఫ్యూమ్, తియ్యటి మాట. పీహెచ్‌డీ పట్టా ఆమె సంతకం మీద ఆధారపడి ఉంటే ఎదురు చెప్పే స్కాలరెవరు? పంపేవాళ్ళు. సిగ్గులేని చదువు.

మధ్యాహ్నం మానస తన ఒంటి గదిలో అంతా చెప్పింది. హరిత బటన్ కెమెరా రికార్డు చేసింది. చివర్లో మానస ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా పేరు రాయకక్కా. గాళ్ళకు తెలిస్తే నన్ను బతకనియ్యరు."

"రాయను. రేపు నువ్వు జర ధైర్నంగుండు."

సాయంత్రం హరిత నుంచి తారామణికి రిపోర్టు వెళ్ళింది. సాక్షి పేరు శిరీష, హబ్సిగూడలో ఒక లేడీస్ హాస్టల్, వెనక గది.

మర్నాడు పొద్దున్నే ఆ గదిలోకి డెలివరీ బాయ్ యూనిఫాంలో ఒకడొచ్చాడు. మంచం మీద ముసుగుతన్నిన మనిషికి సైలెన్సర్ పిస్టల్ గురిపెట్టాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోపు దుప్పటి వాడి తలమీద పడింది. హరిత వాడి మణికట్టు విరిచింది. కింద పడ్డ ఫోన్ మోగింది.

"పనైందా?" అంది తారామణి.

"అయింది మేడం. నీ పనే."

తారామణి హరిత గొంతు గుర్తుపట్టింది. "అసలు పేరు పంపమన్నాను కదా."

"మా ఉప్పల్ల నమ్మి చెప్పుకున్నోళ్ళను అమ్ముకోం."

అప్పటికే తారామణి ఇంటి చుట్టూ పోలీసులున్నారు. కోర్టులో మానస బోనెక్కి, ఎవరూ అడక్కముందే తన పూర్తి పేరు గట్టిగా చెప్పింది.

పోలీసు వ్యాన్ ఎక్కుతూ తారామణి కొంగుతో మొహం కప్పుకుంది. తన పేరు మాత్రం పేపర్లో రానివ్వొద్దని హరితను బతిమాలింది.

హరిత విలేకరులకు అసలు పేరే ఇచ్చింది. అడ్రసుతో సహా.