అంచు లేని బాడిస

ఆ ఆదివారం బ్రాడీపేటలోని ఆ ఇంట్లో నలుగురే ఉన్నారు: చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఇమ్మానియేలు మాస్టారు, సెలవుకి వచ్చిన కూతురు జాస్మిన్, చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ పని చేసే మేనల్లుడు ఎలీషా, వంట చేసే సైదాబీ. సాయంత్రానికి సైదాబీ దొంగయింది. మర్నాటికి ఆ వీధిలో ఆమె పనిచేసే మరో రెండిళ్లవాళ్లూ రావొద్దన్నారు.

మంగళవారం ఆమె డిటెక్టివ్ సఫూరా ఆఫీసుకి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "నేను దొంగని కాదని ఆ రెండిళ్లలో తెలియాలమ్మా. ఇంకేం వద్దు," అంది. సఫూరా కళ్లు నులుముకుని చెప్పులు వేసుకుంది. ఎండకి ఒళ్లంతా లాగేస్తున్నా, సహాయకురాలు మహిమ ఆమె వెనకే నడిచింది.

పోయింది మాస్టారి పెట్టెలో ఉండే ఒక రాతి బాడిస, చెక్కని చెక్కే పనిముట్టు. రాత ఎరగని రోజుల్లో, నడిసముద్రపు దీవిలో పడవలు చెక్కినవాళ్లది. దాని రాయి వెయ్యి మైళ్ల అవతలి ఇంకో దీవిదనీ, ఆ జనం తెరచాపలతో అంత దూరం రాకపోకలు సాగించారనీ మాస్టారు ఇరవయ్యేళ్లుగా పుస్తకం రాస్తున్నారు. రాయి ఎక్కడిదో చెప్పే చేతిమిషన్ని జాస్మిన్ తన ల్యాబ్ నుంచి తెచ్చింది, నాన్నకి చెప్పకుండా, సంతోషపెడదామని. పరీక్షిస్తే పెట్టెలో ఉన్నది నకలని తేలింది. ఆ గది తుడిచేది సైదాబీయే అన్నారు మాస్టారు.

పెట్టె తాళంచెవి ఎక్కడుంటుందని సఫూరా అడిగింది. మాస్టారు మెడలోని తాడు చూపించి, స్నానానికి వెళ్లేటప్పుడు మాత్రం తీసి మంచం మీద పెడతానన్నారు. ఆమె నకలుని కిటికీ దగ్గర తిప్పి చూసి మహిమ చేతికిచ్చింది. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిశాయి. అంచు మీద మహిమ బొటనవేలు నున్నగా జారింది.

సఫూరా అందరినీ హాల్లోకి పిలిచింది.

"ఈ బంగారు చుక్కలు చీమకుర్తి రాయివి. చేసింది నువ్వే కదా ఎలీషా?"

అతను తలొంచుకున్నాడు.

"చెక్కే పనిముట్టుకి పదును లేదేం?"

"మా దగ్గర అంచు అరగదీయకుండా ఏ రాయీ బయటికి పోదండి. మోసేవాళ్ల చేతులు తెగుతాయి. అలవాటు."

సఫూరా మిగతావాళ్ల వైపు తిరిగింది. "మోసానికి చేసినవాడైతే అసలుదానిలాగే పదును పెట్టేవాడు. ఇతనికి సంగతి తెలియదు. ఎవరు చేయమన్నారు బాబూ?"

ఎలీషా మాస్టారి వైపు చూశాడు. "మామయ్య. బడిపిల్లలకి చూపించడానికన్నారు. గొడవయ్యాక నోరు మెదపొద్దన్నారు. నన్ను చదివించింది ఆయనేనండి."

మాస్టారు లేచి, పుస్తకాల వెనకనుంచి అసలు బాడిస తీసి బల్ల మీద పెట్టారు. ఎవరూ పరీక్షించకుండా దాన్ని దాచి, చూడవచ్చేవాళ్ల కోసం నకలు ఉంచానన్నారు. కూతురు మిషను తెస్తుందని అనుకోలేదట. కంగారులో నోటికొచ్చిన పేరు చెప్పారట.

"అది దొరికిన దీవి రాయే అయితే? ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదంటే? ఇరవయ్యేళ్లమ్మా," అన్నారు.

జాస్మిన్ మిషను ముట్టుకోలేదు.

వీధి గుమ్మం బయట సైదాబీ నిలబడి ఉంది. సఫూరా, మహిమ ఆమె పక్కకి వచ్చారు. వెనకే వచ్చిన జాస్మిన్, తప్పయిపోయిందని, రేపట్నుంచి పనికి రమ్మని చెప్పింది.

"వస్తానమ్మా. ముందు ఆ రెండిళ్లకీ నాతో ఒకసారి రండి."

జాస్మిన్ లోపలికి చూసింది. మాస్టారు తల పట్టుకుని కూర్చున్నారు.

"నాన్నగారే దాచారని ఎలా చెప్పను సైదాబీ?"

"ఆయన పేరెత్తొద్దమ్మా. నా పేరు తీసెయ్యండి చాలు."

జాస్మిన్ లోపలికి వెళ్లి, తలుపు వేసేసింది.