ముప్పయ్యో రౌండ్

ఉదయం తొమ్మిదింటికి రహస్య విభాగం రికార్డు కీపర్‌ను అతని కుర్చీలోనే కాల్చేశారు. లాకర్‌లోంచి పోయింది ఒక్క ట్యూబ్.

"అందులో చుక్కంత డీఎన్ఏ," అన్నాడు చీఫ్. "మన నలభై మంది ఏజెంట్ల పేర్లు ఏ, టీ, జీ, సీ అక్షరాల్లో రాసి దాచాం. ముఠా దాన్ని కాపీ చేస్తోంది. రెండున్నరకి తలో చుక్క పట్టుకుని సరిహద్దులు దాటేస్తారు. లోపల మన మనిషి ఉంది. కోడ్ పేరు ముత్యం. ఈ పెన్నులో సిరా లేదు, బ్లీచ్ ఉంది. డీఎన్ఏని ముక్కలు చేసేస్తుంది."

ఏజెంట్ తలూపాడు. డీఎన్ఏ గురించి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. బయాలజీ టీచరైన భార్య ఒకసారి అతని జాకెట్ జిప్ సర్రున లాగి చూపించింది. "ఇలా రెండు పోగులూ విడిపోతాయి. ఏ ఎదురుగా టీ, జీ ఎదురుగా సీ మాత్రమే కూర్చుంటాయి. ప్రతి సగమూ తన జోడీని తనే కట్టుకుంటుంది. ఒకటి రెండవుతుంది." ఆమె పోయి మూడేళ్ళు. జిప్ చప్పుడైతే ఇప్పటికీ ఉలిక్కిపడతాడు.

రెండింటికి ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లోకి వెళ్ళాడు. మెషీన్ దగ్గరున్న స్త్రీ వెనక్కి తిరిగింది. చెవులకు ముత్యాలు. పెదవులకు ఎర్రటి లిప్‌స్టిక్. ముఖం మాత్రం చనిపోయిన భార్యదే.

భార్యతోపాటు పుట్టిన కవల చెల్లెలు! అంత్యక్రియలకైనా రాని మనిషి.

"ఏసీ చప్పుడు చేస్తోందా?" కోడ్ ప్రశ్న అడిగాడు.

"చలికాలంలోనే," అందామె. తర్వాత గుసగుసగా, "ముప్పయ్యో రౌండ్, బావా. వేడికి పోగులు విడిపోతాయి, చల్లబడితే కొత్త జోడీలు కడతాయి. రౌండ్‌కి రెట్టింపు. ఇప్పటికి కోట్లు. అసలు చుక్క కూడా ఇందులోనే ఉంది. రౌండ్ పూర్తయ్యేదాకా మూత తెరుచుకోదు."

"అక్క పోతే ఎందుకు రాలేదు?"

"వస్తే నేనెవరో వీళ్ళకి తెలిసిపోయేది." ఆమె కళ్ళు మెషీన్ మీదే ఉన్నాయి. "ఏడుపు వినబడకుండా రేడియో పెట్టుకుని ఒక్కదాన్నే ఏడ్చాను, బావా."

బీప్ మోగింది. మూత లేచింది. అప్పుడే ఖాళీ ట్యూబులతో ముఠా నాయకుడు లోపలికొచ్చాడు. మెషీన్ మీదికి వంగిన మెకానిక్ చేతిలో పెన్ను చూశాడు. పిస్టల్ తీశాడు.

ఆమె అడ్డంగా దూకింది. తూటా పేలింది. ఏజెంట్ వెనక్కి చూడకుండా ప్రతి ట్యూబ్‌లోనూ పెన్ను నొక్కాడు. ఘాటు వాసన గుప్పుమంది. బయట కాచుకున్న విభాగం సిబ్బంది తలుపు బద్దలుకొట్టి వచ్చి నాయకుణ్ణి పడగొట్టారు.

అతను ఆమె తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

"పాడైపోయిందా?"

"మొత్తం."

ఎడమ బుగ్గ సొట్టపడేలా నవ్వింది. ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. ఆ ముఖం చల్లబడటం అతను రెండోసారి చూశాడు.

ఫోన్‌లో చీఫ్ అడిగాడు. "శభాష్. చెయ్యేమైనా వణికిందా?"

"లేదు సార్."

పదహారేళ్ళ సర్వీసులో అతని అబద్ధం ఎవరికీ దొరకలేదు. ఇదీ దొరకలేదు.