వంటింట్లో దిద్దిన పాట

హార్మోనియం పెట్టె మీద దుమ్ము పేరుకుంది! తుడుద్దామని గుడ్డ తెచ్చిన సూసన్న చేతులాడక అక్కడే కూలబడింది. కూతురు ఎమిలీ పెళ్లికి ఇంకా వారం కూడా లేదు. రైల్వేవాళ్లుండే ట్రాఫిక్ కాలనీలో ఏ తెలుగింట ఆడపిల్ల పెళ్లయినా, ముందునాటి సాయంత్రం పందిట్లో సూసన్న భర్త తీతు కొత్త పాట కట్టి పాడాల్సిందే. పెళ్లికూతురి పేరు అందులో వినబడాల్సిందే. ఊరందరి పిల్లలకీ పాట కట్టిన మనిషి, కన్నకూతురి పెళ్లికి పెట్టె మూతైనా తీయలేదు. తల్లికి ఇంతకన్నా గుండెకోత ఏముంటుంది...

"నాన్నని అడక్కమ్మా. మనసుంటే ఆయనే కట్టీవోరు" అంది ఎమిలీ, చీరలు మడతపెడుతూ. ఆ పిల్ల ఏడ్చినా బాగుండేది. పొడికళ్లతో అనేసరికి సూసన్నకే కన్నీళ్లాగలేదు.

ఊళ్లోనే సుభాష్‌పల్లిలో ఉండే బెంగాలీ కుర్రాణ్ణి ఎమిలీ తనంతట తానే ఎంచుకుంది. బిశ్వాస్‌గారి అబ్బాయి, స్కూలు మాస్టరు. వాళ్లదీ చర్చికి వెళ్లే కుటుంబమే. అయినా భాష వేరు, తిండి వేరు! సూసన్న కొన్నాళ్లు ఏడ్చి, పిల్ల సుఖమే తన సుఖమని సర్దుకుంది. తీతు మాత్రం "నీ ఇష్టం అమ్మా" అని ఒక్క మాటతో సరిపెట్టాడు. అప్పటినుంచీ సాయంత్రం డ్యూటీ దిగగానే సైకిలెక్కి ఎటో పోతాడు, భోజనం వేళకు వస్తాడు. అడిగితే పనుందంటాడు. ఇంట్లో ఉండలేక తప్పించుకు తిరుగుతున్నాడని సూసన్న అనుకుంది.

ఆ రోజులే వేరు! ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో తీతు రైల్వే కంప్యూటర్ సెక్షన్‌లో ప్రోగ్రాములు రాసేవాడు. అప్పట్లో ప్రోగ్రాము అంటే మెషీను చదివేందుకు చిల్లులు పొడిచిన అట్టముక్కలు, పెట్టెలనిండా. ఒకసారి వానొస్తే చొక్కా విప్పి ఆ పెట్టెకు కప్పి, తను తడిసి ముద్దయి ఇంటికొచ్చాడు. రాసినవాడి కళ్లకు తన తప్పు కనబడదని, మరొకరు చూడందే ఏదీ మెషీను మీద పెట్టకూడదని ఆయన నియమం. పాటకూ అదే నియమం! కొత్త పాట ముందుగా వంటింటికి వచ్చేది. పీట మీద కూర్చుని ఆయన పాడేవాడు. పాట కుంటిన చోట సూసన్న గరిటెతో గిన్నె అంచు మీద టక్కున కొట్టేది. ఆయన వాదించేవాడు, అలిగేవాడు, తెల్లారేసరికి మార్చేవాడు. అట్టముక్కలు పోయి గాజు తెరలు వచ్చాయి. ఆయన జుట్టు నెరిసింది, ఆఫీసులో కుర్రాళ్లు గురూజీ అనసాగారు. వంటింటి కొలువు మాత్రం మారలేదు. పందిట్లో అందరూ తీతుని మెచ్చుకునేవారు. గరిటె సంగతి ఎవరికి తెలుసు? తెలియాలని ఆమె కోరుకున్నదీ లేదు.

పెళ్లి ముందునాటి సాయంత్రం సుభాష్‌పల్లి వాళ్లు దిగారు. పెళ్లికొడుకు తల్లి సూసన్న చేయి పట్టుకుని, హిందీ బెంగాలీ కలిపి నవ్వుతూ చెప్పుకొచ్చింది. తీతు దాదా రోజూ తమ ఇంటికొచ్చి, తమ హార్మోనియం ముందు కూర్చుని, ఈ మాట సరేనా, ఆ మాటకు మీవాళ్లు నవ్వరు కదా అని ప్రాణం తీశారట!

పాట ఉంది! కూతురికి పాట ఉంది... సూసన్న ప్రాణం లేచివచ్చింది. ఆ వెంటే గుండెలో ముల్లు గుచ్చుకుంది. ఆ పాటను తనకన్నా ముందు మరొకరు విన్నారు! టీ పెట్టే నెపంతో వంటింట్లోకి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పందిట్లో హార్మోనియం మోగింది. బెంగాలీ పాట. సగం మాటలు ఆమెకు అర్థం కాలేదు గానీ రాగం తీతుదే. రెండు చరణాలయ్యాక పాట ఆగింది.

"సూసీ, ఇలాగొచ్చి కూకో" అన్నాడు తీతు.

అందరూ చూస్తుండగా ఆమె తలవంచుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"మన పిల్ల ఆళ్లింట్లో పరాయిదానిలా ఉండకూడదని ఆళ్ల బాసలో కట్టినాను. నీకా మాటలు రావని మన వియ్యపురాలు దీదీకి ఇనిపించినాను. ముందే సెప్తే నువ్వు బాధపడతావని భయమేసింది." తర్వాత పందిరంతా కలయజూశాడు. "ఇన్నాళ్లూ నా పాటలని మెచ్చుకున్నారు. కుంటి మాటలన్నీ ఏరినది ఈవిడే. కడ చరణం తెలుగు. ఇంకా ఎవరికీ ఇనిపించనేదు. ఈవిడ ఇనకపోతే అది పాటే కాదు."

పాడాడు. చరణం చివర 'ఎమిలీ' అన్న చోట సూసన్న వేలు దానంతటదే హార్మోనియం చెక్క మీద టక్కుమంది. తీతు పాట ఆపి ఆమె వైపు తిరిగాడు.

"ఏటి? పేరు బాగోనేదా?"

"పేరెట్టి ఊరంతా పిలుస్తాది" అంది సూసన్న మెల్లగా. "రోజూ మీరు పిలిసినట్టు అమ్మా అనండి."

తీతు మళ్లీ అందుకున్నాడు. 'అమ్మా' దగ్గరికి వచ్చేసరికి పాట ఆగిపోయింది. ఎమిలీ లేచి వచ్చి తండ్రి ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన చేతులు హార్మోనియం మెట్ల మీద కదులుతూనే ఉన్నాయి.

అప్పుడు సూసన్న పాడింది. కాలనీలో అంతవరకు ఎవరూ వినని గొంతు అది. ఒక్కసారి విన్న చరణాన్ని తప్పులేకుండా, కూతురి తల నిమురుతూ చివరిదాకా పాడింది.