జల్లెడ పట్టని సున్నిపిండి

తెల్లవారగానే వాకిట్లో ముగ్గు వేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, యామిని రోకలి అందుకుంది. ఆడబిడ్డ శివానికి పది రోజుల్లో నిశ్చితార్థం. బుగ్గల నిండా మొటిమలు లేచాయి. వాటిని సున్నిపిండితో రుద్ది పోగొట్టాలని అత్త గురమ్మ పట్టుదల.

"పలుకుగానే ఉండనీ. నున్నగుంటే మురికి యాడ పోతాది?" అని వంటింట్లోంచే చెప్పింది.

యామిని సరేనంది. పెసలు, శనగపప్పు, కచ్చూరాలు దంచి, జల్లెడ జోలికి పోకుండా గిన్నెలో పోసింది. చెప్పినట్టు చేసిన కోడలిని ఎవరేమంటారు?

మూడేళ్ల కిందట ఇదే అరుగు మీద, ఇలాంటి పిండితోనే అత్త తన ముఖం రుద్దింది. అప్పుడు తను కొత్త కోడలు. ఎదురింటి హంపమ్మ చూస్తుండగా, ఈ మొగం పెట్టుకుని మా ఇంటికొచ్చింది చూడు అంటూ, కాగే నీళ్లతో, బీరపీచుతో. మగ్గానికెక్కే పడుగు పోగులకు గంజి పట్టించి కుంచెతో దువ్వడంలో కోడుమూరు నేతగాళ్ల వీధిలో గురమ్మను మించినవాళ్లు లేరు. ఒక్క పోగు తెగనీయదు. ఆ చెయ్యే కోడలి ముఖాన్ని పుండు చేసింది.

మచ్చలు మిగిలాక యామిని ఒక్కతే కర్నూలు పోయి డాక్టరమ్మకు చూపించుకుంది. ఆమె చెప్పిన పద్ధతి పెద్దదేమీ కాదు. ముందు చేతులు కడుక్కోవాలి. గోరువెచ్చని నీళ్లు, శనగగింజంత మెత్తని సబ్బు, వేళ్ల కొసలతో అర నిమిషం. పాత నూలుగుడ్డతో అద్దుకోవాలే గాని రుద్దకూడదు. తడి ఆరకముందే కొంచెం క్రీము. పొద్దున, సాయంత్రం, అంతే. అది చూసి, కోడలు మొగానికి అభిషేకం చేసుకుంటాందని గురమ్మ వీధంతా చెప్పి నవ్వింది.

అందుకే, నువ్వు రోజూ చేసుకునేది నాకూ నేర్పించమని శివాని మెల్లగా వచ్చి అడిగినప్పుడు, "మీ అమ్మకు శానా తెల్సు, ఆయమ్మను అడుగు" అంది. తన గొంతు తనకే తియ్యగా వినిపించింది.

నాలుగు రోజులు అత్త రుద్దుతూనే ఉంది. యామిని నీళ్లు కాచి ఇస్తూనే ఉంది, రోజురోజుకూ ఇంకాస్త వేడిగా. నిశ్చితార్థం నాడు చుట్టాల మధ్య అత్త ఎట్లా తల దించుకుంటుందో ఊహించుకుంటూ తిరగమోత పెట్టేది. దేవుడి ముందు మాత్రం చేతులు జోడించి, ఏం కోరుకోవాలో తోచక లేచి వచ్చేసేది.

ఐదో రోజు శివాని బుగ్గ చిట్లి నెత్తురు ఊరింది. ఆ పిల్ల అరవలేదు. వదిన వైపు తిరిగింది.

"నీకు గూడా ఇట్లనే మండిందా వదినా? అప్పుడు నేను ఈడనే నిలబడి నవ్వినా."

యామిని చెంబు కింద పెట్టేసింది. అత్త మళ్లీ పిండి తీసుకోబోతుంటే గిన్నె లాగేసుకుంది.

"ఏమే, పిచ్చి పట్టిందా నీకు?"

"పడుగు మీద కుంచె ఇట్లనే లాగుతావా అత్తా? ఆడపిల్ల మొగం నూలుపోగు కంటే గట్టిదా?"

గురమ్మ గొంతు పెంచింది. కన్నబిడ్డకు నేను చెడు చేస్తానా అంది.

"నువ్వు చెయ్యలేదు, నేను చేసినా. కావాలనే జల్లెడ పట్టలేదు. కావాలనే నీళ్లు మసలబెట్టినా. నా మొగాన్ని నువ్వేం చేసినావో నీ బిడ్డ మొగంలో చూస్తావని."

లోపల మగ్గం చప్పుడు ఆగింది. యామిని భర్త ఓబుళేశు గడప దాకా వచ్చి నిలబడిపోయాడు. గురమ్మ చెయ్యి ఎత్తింది. అది కోడలి చెంప దాకా వచ్చి మచ్చ దగ్గర ఆగింది. మూడేళ్లలో ఆమె ఆ మచ్చను అంత దగ్గరగా చూడలేదు. వేలి కొసతో తాకింది. గరుకుగా తగిలింది.

"నాకు చెప్పొచ్చు గదా" అంది సత్తువ లేని గొంతుతో.

"అప్పుడే చెప్పినా అత్తా. మండుతాండాదని చెప్పినా."

గురమ్మ అరుగు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కన్నీళ్ల కోసమే యామిని ఇన్నాళ్లూ కాచుకుంది. తీరా వచ్చాక అవి తన కళ్లలోనూ ఎందుకున్నాయో ఆమెకు అర్థం కాలేదు. పిండి పెరట్లో పారబోసి, చేతులు కడుక్కుని, శివానిని దగ్గరికి తీసుకుంది.

మరునాడు పొద్దున యామిని లేచేసరికి అరుగు మీద నీళ్ల గిన్నె ఉంది. గురమ్మ మణికట్టు ముంచి వేడి చూస్తోంది. పక్కన ఆమె పాత నూలు చీర చింపిన ముక్కలు రెండు, మడత పెట్టి ఉన్నాయి.

"ఒకటి దానికి, ఒకటి నీకు" అంది, కోడలి ముఖంలోకి చూడలేక. "ఎట్ల కడగాల్నో నాకు చూపీ."

యామిని చెంబు ముంచింది.

"ముందు చేతులు కడుక్కోవాల అత్తా."

గురమ్మ రెండు చేతులూ చాపింది. యామిని నీళ్లు పోసింది.