కాటమ్మ వేషం

"అమ్మ కోదాడ పోయింది... సౌమ్య దగ్గరికి. ఇగ ఈ ఇంటికి రాదట!"

భర్త వినయ్ ఆ మాట అనగానే కృప చేతిలోని గిన్నె జారి పొయ్యిగట్టు మీద పడింది. లోపలి గదిలోకి పరుగెత్తి చూసింది. దండెం మీద అత్తగారి చీరలు లేవు. మూలకు మందుల సంచీ లేదు. సూర్యాపేటలోని ఆ కిరాయి ఇల్లు ఒక్కసారిగా బోసిపోయినట్టు అనిపించింది!

"'నా పరువు టీవీల అమ్ముకున్నది నీ పెండ్లాం' అన్నది అమ్మ. స్టేజీ మీద గట్లెందుకన్నవ్ కృపా?" వినయ్ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

కృప చర్చిలో క్రిస్మస్ నాటకాలు తప్ప ఏ వేషమూ ఎరుగని మనిషి. ఒక పాత నవలను సీరియల్‌గా తీయడానికి టీవీవాళ్ళు మిర్యాలగూడ వచ్చినప్పుడు, జుట్టుకు తెల్లరంగు పూసి కాటమ్మ అనే గయ్యాళి అత్త వేషం ఇచ్చారు. సీరియల్ ఇంటింటా మోగిపోయింది. మొన్న ఫంక్షన్ హాల్లో నటులందర్నీ కూర్చోబెట్టి, మీ పాత్రలో ఏది కష్టమనిపించింది అని అడిగారు. హీరో, పొలంలో అరక పట్టి దున్నడం అన్నాడు. కోడలి వేషం వేసిన అమ్మాయి, రోజూ ఏడ్చి ఏడ్చి కళ్ళు మండేవి అంది. కృప వంతు వచ్చింది. "ఇంత కఠినమైన అత్తను ఎక్కడ చూసి నేర్చుకున్నారండీ?" అని యాంకరమ్మ అడిగితే, ఉన్నమాట చెప్పేసింది. "మా అత్తమ్మను చూసి..." అంతే! హాలంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుల్లోనే మైకు పక్కవాళ్ళ చేతికి వెళ్ళిపోయింది. ఆ ముక్క ఒక్కటే ఫోన్లన్నిటా తిరిగింది. రేషన్ షాపు దగ్గర "ఏం కాటమ్మా, కోడలు బాగున్నదా?" అని ఎవరో అంటే అత్తగారు బుచ్చమ్మ బియ్యం తీసుకోకుండానే తిరిగొచ్చిందట...

కృప ఆ పూటే కోదాడ బస్సెక్కింది.

"వచ్చారా స్టార్ గారూ!" గుమ్మంలోనే ఆడబిడ్డ సౌమ్య ఎదురైంది. "మా అమ్మను అనాల్సింది ఇంకా ఏమన్నా మిగిలిందా వదినా?"

బుచ్చమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కోడలి గొంతు విని కూడా ఇటు తిరగలేదు.

"అత్తమ్మా..."

"నన్ను పిలువకు! నాట్లేసి, కలుపు తీసి ఇద్దరు పిల్లల్ని సాదుకుంటి. ఆఖరికి రాక్షసినైతి! టీవీ కావాల్నా, నేను కావాల్నా? సెప్పు!"

కృప కళ్ళు తుడుచుకుంది. "రెండూ కావాలె అత్తమ్మా. వేషం ఇడువను. నువ్వు లేకుంట సూర్యాపేట పోను."

"అబ్బో! మాటలు బాగానే నేర్పారు సీరియల్ వాళ్ళు," అంది సౌమ్య.

"ఒక్కరోజన్న సీరియల్ సూసినవా అత్తమ్మా?"

"నేనెందుకు సూస్త?" బుచ్చమ్మ విసురుగా లేచి కూర్చుంది. "వాడకట్టోళ్ళంత నా కోడల్ని తిట్టుకుంట సూస్తుంటే, నేను గూడ కూసొని ఇనాల్నా!"

ఇన్నాళ్ళూ సీరియల్ వచ్చే వేళకు అత్తగారు ఎందుకు బయటికి వెళ్ళిపోయేదో కృపకు ఇప్పుడు తెలిసింది!

"ఇయ్యాల సూడు. మధ్యాహ్నం మళ్ళ ఏస్తరు. సూసినంక నన్ను ఎల్లగొట్టినా పోత."

ఆ వేళకు సౌమ్య గొణుక్కుంటూనే టీవీ పెట్టింది. తెరమీద తెల్లజుట్టు కాటమ్మ, కోడలి ముందు అన్నం గిన్నె విసిరికొట్టింది. "గిట్లనే వండుతరా? మీ అమ్మ గిదే నేర్పిందా!"

బుచ్చమ్మ ఉలిక్కిపడింది. "గది... నేనన్న మాటనే గదా!"

"అవునత్తమ్మా, అబద్ధమెందుకు? ఆ దినం నేను మస్తు ఏడ్సిన."

బుచ్చమ్మ తల దించుకుంది. తెరమీద ఇంట్లో అందరూ తినేసరికి అన్నం అయిపోయింది. కాటమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసి, గిన్నె అడుగున మాడు గీరి, నీళ్ళూ ఉప్పూ కలుపుకుని, గోడవైపు తిరిగి గబగబా తింటోంది. అడుగుల చప్పుడు వినపడగానే పళ్ళెం కొంగు కింద దాచేసి, "తిన్ననే! కడుపు నిండింది!" అని కసురుకుంది.

"అమ్మా!" సౌమ్య తల్లి పక్కన కూలబడింది. "చిన్నప్పుడు నేనడిగితే కూడా తిన్నాననే చెప్పేదానివి కదే..."

బుచ్చమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "గది గూడ సూసినవా బిడ్డా?"

"కాపురానికొచ్చిన కొత్తల్ల, తలుపు సందుల నుంచి సూసిన. ఈ సీను పుస్తకంల లేదు. డైరెక్టర్ గారిని బతిమాలి పెట్టించిన. తిట్టే కాటమ్మను ఎవరైనా చేస్తరు... కడుపు మాడ్సుకునే కాటమ్మనే కష్టం. స్టేజీ మీద గిదే సెప్పాలనుకున్న. అందరు నవ్వేసరికి మైకు పక్కకు పోయింది. లేచి నిలవడి సెప్పకపోవుడు నా తప్పే అత్తమ్మా!"

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తలవాల్చి ఏడ్చారు. తేరుకున్నాక బుచ్చమ్మే ముందు ముక్కు చీదుకుంది.

"షూటింగ్ ఎప్పుడున్నది?"

"రేపే. మిర్యాలగూడల."

"మరింక కూసున్నవేంది? లే. పొద్దుగూకేసరికి ఇల్లు జేరాలె."

సౌమ్య రెండు రోజులు ఉండి వెళ్ళమన్నా ఆగలేదు. బస్టాండులో సూర్యాపేట బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకామె కృప ముఖంలోకి తేరిపార చూసింది. "నువ్వే కదూ ఆ కాటమ్మ? ఆ పిల్లను అంతలా ఏడిపించడానికి నీకు మనసెలా వచ్చిందమ్మా? థూ!"

కృప అలవాటుగా తల వంచుకోబోయింది. బుచ్చమ్మ సంచీ కింద పెట్టి కోడలికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆమెననకు తల్లీ. ఆమె నా కోడలు. కాటమ్మంటే నేనే... అనేదుంటే నన్నను!"

ఆ మనిషి ఒక అడుగు వెనక్కి వేసింది. చుట్టూ నలుగురు మూగారు. బుచ్చమ్మ బెదరలేదు.

"ఇయ్యాల మధ్యాహ్నమేసింది పూర్తిగ సూసినవా? లేదు గదా! పూర్తిగ సూడు. సూసినంక గూడ తిట్టాలనిపిస్తే, సూర్యాపేటకొచ్చి నన్ను తిట్టిపో!"