ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య

సాలూరు నుంచి వచ్చిన ఉమామహేశ్వరి ఇంకా టీచరు కాలేదు. టీచరు చదువు చదువుతూ, శిక్షణ కోసం అరకు దగ్గర ఓ కొండ ఊరి బడిలో పాఠాలు చెబుతోంది. ఒక్క గది, రేకుల కప్పు. వాన పడితే పక్కవాళ్ల మాట కూడా వినబడదు. అందుకే వీడియోలు మొదలుపెట్టింది. ఎలాగంటే, ట్యాబు మీద బొమ్మలు గీస్తూ పాఠం చెప్పేది. ఆ తెరా తన గొంతూ కలిసి రికార్డయ్యేవి. వాటిని ఊళ్లో వాళ్ల ఫోన్లలోకి ఎక్కించి ఇచ్చేది.

"నేనైతే విసుక్కుంటానేమో, వీడియో విసుక్కోదు. రేపు ఉద్యోగం వచ్చాక కూడా ఇలాగే చెబుతాను" అనేది.

ప్రతి ప్రశ్న తరవాత కాసేపు ఆగేది, పిల్లలు జవాబు చెప్పుకోవాలి కదా! శభాష్ మాత్రం అనేది కాదు. ఎవరు ఒప్పు చెప్పారో తెలియకుండా ఎలా మెచ్చుకుంటుంది?

ఆ సాయంత్రం పిల్లలు వెళ్లిపోయారు. కరెంటు లేదు. కిటికీల్లోంచి మంచు లోపలికి దిగుతోంది. తడిసిన గోనెసంచుల వాసన, ఎక్కడో పచ్చికట్టెల పొగ. గుమ్మంలో రాజులమ్మ వచ్చి నిలబడింది.

ఆమె కూతురు సుక్రి మొన్నటి వానల్లో జ్వరంతో పోయింది. డోలీలో మోసుకెళుతుంటే కొండల్లోంచి పారే గెడ్డ పొంగి దారి మూసేసింది. అవతలి ఒడ్డున అంబులెన్సు కనబడుతూనే ఉంది.

"టీచరమ్మా, మా గుంట సుక్రి గొంతు నీకాడ ఏమన్నా ఉన్నాదేటి?"

ఉమామహేశ్వరి తల దించుకుంది. "లేదక్కా. క్లాసులో అది నోరు విప్పేది కాదుగా."

"మాటల్లో మా బాస కలిసిపోతాదని, అందరూ నవ్వుతారని మూతి బిగించుకునీది. ఫోనుకాడ సూడాల దాన్ని! నన్ను కూడా మాటాడనిచ్చీది కాదు. 'నువ్వూరుకోయే, టీచరమ్మ నన్ను అడుగుతంది' అనీది." రాజులమ్మ నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. "జవాబు సెప్పి, 'రైటేనా టీచరమ్మా' అని అడిగీది. నువ్వేమో ఇంకో పెశ్నకి ఎల్లిపోయీదానివి."

ఉమామహేశ్వరి ట్యాబు వైపు చూసింది. వీడియో మాట్లాడుతుందే గానీ వినదు. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు?

"మరోపాలి అడగమ్మా. దాని పేరెట్టి అడుగు. ఒక్కపాలి."

కాదనలేకపోయింది. ట్యాబు తెరిచి, కొమ్మ మీద ఏడు పిట్టల్ని గీసింది. "రికార్డు అయ్యేదాకా నోరెత్తకక్కా" అంది. రాజులమ్మ ఎదురుగా బల్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"సుక్రీ... ఏడు పిట్టల్లో మూడు ఎగిరిపోయాయి. ఎన్ని మిగిలాయి?"

నిశ్శబ్దం. రేకుల మీంచి నీటిబొట్టు జారిన చప్పుడు. ఉమామహేశ్వరి ఇంకో పిట్టను చెరిపింది.

"సుక్రీ... ఇంకొకటి కూడా ఎగిరిపోయింది. ఇప్పుడెన్ని?"

నిశ్శబ్దం. అంతే. రికార్డు ఆపింది. ఏమీ లేదు. ఏముంటుంది? కళ్లు తుడుచుకుని, రాజులమ్మ వింటానంటే పెట్టింది.

తన గొంతే వినిపించింది. మొదటి ప్రశ్న. తరవాత ఖాళీ...

ఆ ఖాళీలో ఎవరో ఊపిరి పీల్చారు.

"నాలుగు."

సన్నగా, జ్వరంతో ఎండిపోయిన గొంతు. రాజులమ్మ కదల్లేదు. తెర మీద పిట్ట చెరిగిపోయింది. రెండో ప్రశ్న.

"మూడు... రైటేనా టీచరమ్మా?"

జవాబు లేదు.

"టీచరమ్మా... ఏటీ అనవేటి?"

"రైటే తల్లీ! రైటే! శభాష్!" ఉమామహేశ్వరి తెర మీదకు వంగి అరిచింది. ఆ మాట తెరకు తగిలి అక్కడే ఆగిపోయింది. లోపల చీకట్లో ఒంటరిగా ఆ పిల్ల వెక్కుతోంది.

అప్పుడు, అదే రికార్డులో, ఆ పిల్లకు బాగా దగ్గరగా ఇంకో గొంతు వినిపించింది.

"రైటే గుంటా. ఏడవకు. నానొత్తన్నాను."

ఏడుపు ఆగిపోయింది. వీడియో అయిపోయింది.

ఉమామహేశ్వరి మెల్లగా తలెత్తి చూసింది. రికార్డు చేస్తున్నంతసేపూ రాజులమ్మ నోట్లో కొంగు అలాగే ఉంది. తను కళ్లారా చూసింది.

"అక్కా... ఆ గొంతు..."

"నాదే." రాజులమ్మ కొంగు తీసి భుజం మీద వేసుకుంది. ఇన్నాళ్లకి ఆమె మొహం తేటపడింది. "బేగి ఎల్లాల టీచరమ్మా. గుంట ఒక్కర్తీ ఉన్నాది."

ఉమామహేశ్వరి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. బయట మంచులో దారి కనబడటం లేదు. రాజులమ్మ నవ్వుతూ, చిన్నపిల్లని బుజ్జగించినట్టు, ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించుకుంటోంది.